మైనం డబ్బా

చాంద్రాయణగుట్ట ఫ్లైఓవర్ దాటగానే మా షెడ్డు. అన్నా, నేనూ ఇరవై ఏళ్లు అక్కడే ఫైబర్ పని చేశాం. బస్సు బంపర్లు, ట్యాంకు మూతలు, ఏది విరిగితే అది. అన్న గుండె ఆగి పోయాక పద్నాలుగో రోజు షట్టర్ ఎత్తాను. ఏడుపు రాలేదు. ఎప్పుడు ఏడుస్తానా అని ఇంట్లో అందరూ నా మొహమే చూస్తుంటే చిరాకేసి వచ్చేశాను, అంతే.

మొదట వచ్చింది మాదన్నపేట పెద్దాయన. ఆయనకో పాత బండి ఉంది. లోపల మంచం, పొయ్యి, సింకు, అచ్చం ఇల్లే. బయట కిటికీల కింద నాలుగు ఫైబర్ పట్టీలు. అందులో ఒకటి గోడకు గీసుకుని ముక్కలైంది. ఆ బండి చేసినవాళ్లు ఎప్పుడో దుకాణం ఎత్తేశారు, కొత్తది దొరకదు. బాగున్న పట్టీ ఒకటి ఊడదీసి, దాని మీద రెజిన్ జిగురు పోసి అచ్చు తీయాలి.

"మీ అన్న చేసిస్తనన్నడు బిడ్డా. నువ్వు చేస్తవా?" అన్నాడు.

"ఆయన మాటిచ్చిండు గద బాపు. చేస్త," అన్నాను. అన్నకు సంబంధించింది ఇంకేదీ నిలబెట్టలేను, ఆ మాటైనా నిలబెట్టాలనుకున్నాను.

పోసేముందు పట్టీకి మైనం రుద్దాలి. లేకపోతే రెజిన్ కరుచుకుని రెండూ ఒకటైపోతాయి. ఆ రుద్దుడు పని అన్న చేసేవాడు. నేను మగ్గులోని రెజిన్‌లో గట్టిపడే మందు కలుపుతూ "అన్నా, మైనం అయిందా?" అంటే, "అయింది, పోయ్‌రా" అనేవాడు. ఇరవై ఏళ్లూ ఇదే. నేను తిరిగి చూసిందే లేదు.

ఆ రోజు కూడా అడిగాను. నోటి అలవాటు. జవాబు కోసం ఆగలేదు. పోసేశాను, పైన ఫైబర్ మ్యాట్ పరిచాను, బ్రష్షుతో అద్దాను, పోయి చాయ్ తాగాను.

గట్టిపడ్డాక చెక్క సుత్తితో తట్టాను. ఊడలేదు. సందులో చెక్క ముక్క దూర్చి కొట్టాను. ఫట్‌మంది. బాగున్న పట్టీ కూడా రెండు ముక్కలు. థూ, నా బతుకు, అనుకున్నాను. అప్పుడు కూడా కళ్లు తడవలేదు.

పెద్దాయనకు ఫోన్ చేశాను. "పట్టీ పలగొట్టిన బాపు. మైనం పెట్టుడు మరిచిన."

"ఫికర్ చెయ్యకు. ఇంక రెండున్నయి గద. పొద్దుగాల ఇంకోటి తెస్త," అన్నాడు. తిట్టినా బాగుండేది.

పొద్దున ఆయన తెచ్చిన పట్టీని బల్ల మీద పెట్టి, మైనం డబ్బా మూత తీశాను. సగం ఉంది. మధ్యలో అన్న వేళ్లు తీసిన గీతలు అట్లాగే ఉన్నాయి.

"ఏంది బిడ్డా, ఆగినవ్?" అన్నాడు పెద్దాయన.

ఆ గీతల్లోనే వేళ్లు పెట్టి మైనం తీశాను. గీతలు పోయాయి. పట్టీ మొత్తం రుద్దాను, ఆరాక మళ్లీ రుద్దాను. రెజిన్ కలిపి, మగ్గు చేతిలో పట్టుకుని, "అన్నా, మైనం అయిందా?" అన్నాను.

ఈసారి ఆగాను. పెద్దాయన ఎవరితో మాట్లాడుతున్నానా అని వెనక్కి తిరిగి చూశాడు. అప్పుడొచ్చింది ఏడుపు. అది ఆగేసరికి మగ్గులో రెజిన్ గట్టిపడిపోయింది.