అందరిదీ ఒకే నంబరు

నాంపల్లిలోని ఆ మున్సిపల్ ఆఫీసుకు నన్ను శిక్షణ ఇవ్వడానికి పంపారు. పింఛన్ల పని కొత్త డిజిటల్ గుర్తింపు పద్ధతిలోకి మారుతోంది. సిబ్బంది దానికి సిద్ధంగా ఉన్నారో లేదో నేను రాసివ్వాలి. చూడవలసినవి మూడు: ఎవరి పాస్‌వర్డు వాళ్ళే వాడాలి, ఒక మనిషికి ఒక ఫోన్ నంబరు ఉండాలి, ఒకరి ఓటీపీ ఇంకొకరు వాడకూడదు.

రెండోదే చిక్కు. పింఛనుదారుల వివరాలు సరిచూస్తుంటే ఒకే నంబరు మళ్ళీ మళ్ళీ వచ్చింది. అది కౌంటరు గుమస్తాది. ఫోన్ లేని ముసలివాళ్ళందరికీ ఏళ్ళుగా ఆయన తన నంబరే ఎక్కిస్తున్నాడు.

"అన్న జేబుల సగం ఉస్మాన్‌గంజ్ బస్తీ ఉన్నది సార్," అని పక్క సీటామె నవ్వింది. "పండుగనాడు గూడ మోగుతనే ఉంటది."

"ఫోన్ లేదంటే ఎల్లగొట్టమంటవా?" అన్నాడాయన.

ఇకమీదట వాళ్ళ ఓటీపీ తనే కొడితే మెమో వస్తుందని చెప్పాను. ఆయన రిటైర్మెంటుకు దగ్గరలో ఉన్నాడు. తలూపాడు.

చివరి రోజు ఆయన వెనక నిలబడి పని చూస్తున్నాను. మిర్చి గోదాముల్లో ఊడ్చే ఒక ముసలామె వచ్చింది. బతికే ఉన్నానని ఆ రోజు కౌంటరు మూసేలోగా నమోదు చేయించుకోకపోతే ఆమె పింఛను ఆగిపోతుంది. ఆయన వివరాలు కొట్టాడు. బల్ల మీద ఆయన ఫోనే మోగింది.

"అచ్చింది గదా బిడ్డా, కొట్టు."

ఆయన నా వైపు చూశాడు. నేను తెర వైపే చూస్తున్నాను.

"కొట్టొద్దంట అవ్వా. నీ సొంత నంబర్ గావాలె."

"నాకు ఫోనేడిది? 'నా నంబరే నీది అవ్వా' అని నువ్వే అంటివి గదా?"

ఆయన ఫోన్ బోర్లా పెట్టాడు. కాసేపటికి తెర మీద ఓటీపీ గడువు ముగిసింది. నంబరు మార్చాలన్నా పాత నంబరుకు వచ్చే ఓటీపీయే కావాలి.

ఆమె తిట్టలేదు. పోయి గోడ పక్క బెంచీ మీద కూర్చుంది. "ఈ సారు పోనియ్యి, అప్పుడు నంబర్ కొడ్తడు," అని బెంచీ మీదున్న ఇంకొకామెతో అనడం వినబడింది.

గుమస్తా పేరు ఎదురుగా 'సిద్ధం' అని రాశాను. ఆ రోజు ఆయన పనిలో మూడింటిలో ఏ లోపమూ దొరకలేదు. ఇంకా ఇద్దరిని చూడాల్సి ఉంది కనుక కౌంటరు మూసేదాకా నేను అక్కడే ఉన్నాను. ఆమె కూడా ఉంది.