రెప్పపాటు ఆలస్యం

మా ఎదురింటి పెదనాన్నని చేలోనే నరికి చంపారని పోయిన నెల ఒక పొద్దున ఫోన్ వచ్చింది. అప్పుడు నేను వినుకొండలో నా సెల్‌ఫోన్ రిపేరు షాపు షట్టర్ ఎత్తుతున్నాను. ఫోన్ చేసింది మా ఊరి ఆటో అబ్బాయి. "ఎనకాల నుంచి వచ్చి ఏశారంటక్కా. చెవులకి నువ్వు చేసిచ్చిన హెడ్‌ఫోన్ ఉందంట, ఇనపళ్ళేదంట" అన్నాడు. ఆ చివరి మాటకి నా చేతిలోంచి షట్టర్ జారి దబ్బున కింద పడింది.

ఆయన మంచివాడని చెప్పడానికి ఇది రాయడం లేదు. ఆయన మనిషిని చంపి జైలుకి వెళ్ళొచ్చినవాడు. మా అమ్మకి కుడిచెయ్యి మణికట్టు దాకా పోవడానికి కూడా ఆయనే కారణం. అయినా ఆయన పోయాడంటే బస్సులో నలుగురూ చూస్తుండగా వెక్కి వెక్కి ఏడ్చాను. ఎందుకో చెప్పాలంటే కాస్త వెనక్కి వెళ్ళాలి.

నా చిన్నప్పుడు మా ఊళ్ళో రెండు వర్గాలుండేవి. పత్తి తీతలకి ఒక కాలం, మిరప కోతలకి ఒక కాలం ఉన్నట్టే కొట్లాటలకీ ఒక కాలం ఉండేది. ఒక మధ్యాహ్నం నాటుబాంబులు పడుతుంటే అమ్మ నన్ను లాక్కెళ్ళి మిరపకాయల బస్తాల వెనక కూర్చోబెట్టి నోరు మూసింది. తలుపు సందులోంచి పెదనాన్న కనిపించాడు. చేతిలో వేటకొడవలి, చొక్కా నిండా రక్తం. ఆయన నరికిన మనిషి మా వాకిట్లోనే పడి, రెండు చేతుల్తో పొట్ట పట్టుకుని నీళ్ళు అడిగాడు. చాలాసేపు అడిగాడు. వీధిలో ఎవరూ ఇవ్వలేదు. మేమూ ఇవ్వలేదు.

ఆ కేసులోనే పెదనాన్నకి యావజ్జీవం పడింది. అరెస్టుకి ముందు, పోలీసులు సోదాకి వస్తారని మిగిలిన బాంబుల్ని స్టీలు బకెట్లలో పెట్టి ఊరి చేలల్లో పాతేశాడు. మా రెండెకరాల్లోనూ రెండు బకెట్లు పాతాడు. నాన్న అప్పటికే లేడు. అమ్మకి ఎవరూ చెప్పలేదు.

తర్వాతి ఏడు నేను చేనుకి అన్నం గిన్నె తీసుకెళ్తున్నాను. నీళ్ళు పారే బోదె సరిచేద్దామని అమ్మ పార వేసింది. నేల పగిలినట్టు చప్పుడైంది. మట్టి, మిరప మొక్కలు, రక్తం కలిసి నా మొహం మీద పడ్డాయి. పొగలోంచి అమ్మ లేచి నిలబడింది. నిలబడి, లేని చెయ్యి కోసం చుట్టూ వెతుకుతోంది. నాలుగో తరగతిలో చూసిన ఆ దృశ్యం ఈ రోజుకీ కళ్ళు మూస్తే కనిపిస్తుంది. పోలీసులు వచ్చి వెతికారు, ఇంకేం దొరకలేదన్నారు. కూలికి ఎవరూ ఆ చేలో దిగనన్నారు. మా చేను బీడు పడిపోయి తుమ్మచెట్లు మొలిచాయి.

ఏళ్ళ తర్వాత పెదనాన్న జైలు నుంచి వచ్చాడు. తన ఇంటికి కూడా పోకుండా ముందు మా మెట్ల దగ్గరికే వచ్చాడు. "రెండు పెట్టా అమ్మాయ్ నీ చేలో. ఇంకోటి ఉంది. గట్లు మారినయి, యాడ పెట్టానో గుర్తు రావటంలా" అన్నాడు అమ్మతో.

అమ్మ పొయ్యిలోంచి కాలుతున్న కట్టె లాగి ఎడంచేత్తో ఆయన వీపు మీద బాదింది. చెయ్యి నొప్పిపుట్టేదాకా బాదింది. చొక్కా కాలి చర్మం కమిలింది. ఆయన కదల్లేదు.

"నా చేలో కాలు పెట్టమాక. పెడితే ఈసారి తల మీద కొడతా" అంది.

"సరే. పక్క చేలు చూత్తా ఈలోపు" అన్నాడాయన.

చీమకుర్తిలో పాతసామాను అమ్మేవాడి దగ్గర ఒక మెటల్ డిటెక్టర్ కొనుక్కొచ్చాడు. పొడుగు కర్ర, దాని చివర పళ్ళెం లాంటి తీగ చుట్ట, వినడానికి వైరున్న హెడ్‌ఫోన్. పాతరకం యంత్రం. కదిలించకుండా ఉంచినా, కింద ఇనుముంటే ఆగకుండా కూస్తూనే ఉంటుంది. ఆయన తవ్వేవాడు కాదు. మోగిన చోట ఒక పుల్లకి గుడ్డ కట్టి గుచ్చి, స్టేషనుకి ఫోన్ చేసేవాడు. బాంబు స్క్వాడ్ వచ్చి తీసుకెళ్ళేది. మూడేళ్ళలో అట్లా అయిదు బకెట్లు చూపించాడు. "పాతింది నేను. చూపిచ్చాల్సిందీ నేనే" అనేవాడు, ఎవరైనా మెచ్చుకోబోతే.

ఒకసారి పత్తిచేలో హెడ్‌ఫోన్ వైరు మొక్కలకి చుట్టుకుని గుంజింది. డిటెక్టర్ ఆయన చేతిలోంచి జారి, బకెట్టుకి జానెడు పక్కన పడింది. బాంబు మీద పడి ఉంటే ఆ రోజే పోయేవాడు. మర్నాడు నా షాపుకి వచ్చి కౌంటర్ మీద హెడ్‌ఫోన్ పెట్టాడు.

"వైరు లేకండా చెయ్యమ్మా దీన్ని."

ఎంత ధైర్యం అనిపించింది. తీసి మొహాన కొట్టాను. కనుబొమ్మ చిట్లి రక్తం కారింది. ఆయన వంగి హెడ్‌ఫోన్ తీసి, చెవి దగ్గర ఊపి చూసుకున్నాడు.

"పగల్లేదులే. రేపొత్తా" అని వెళ్ళిపోయాడు.

ఆ రాత్రే చేశాను. బ్లూటూత్ పలక ఒకటి హెడ్‌ఫోన్లో అతికించి, రెండోది డిటెక్టర్ పిన్నుకి తగిలించాను. బల్ల మీద బోల్టు పెట్టి పరీక్షించాను. చుట్ట బోల్టుని దాటాక కూత వినిపించింది. రెప్పపాటు ఆలస్యం. పాటలు వినేవాడికి అది తెలియనే తెలియదు. బాంబులు వెతికేవాడికి ఆ రెప్పపాటులో కాలు ముందుకి పడిపోతుంది. నాకు అర్థమైంది. అర్థమయ్యీ, మాట్లాడకుండా ఆయన చేతికిచ్చాను. చదువుతున్న మీరు నన్ను తిట్టుకుంటే తిట్టుకోండి. అన్నం గిన్నెతో గట్టు మీద నిలబడిన పిల్లే ఆ రోజు ఇచ్చింది.

ఆ పూటంతా ఏ ఫోన్ మోగినా ఊరి నుంచేమోనని చూశాను. మధ్యాహ్నానికి ఉండబట్టలేక షాపు మూసి బస్సెక్కాను. ఊరి మొదట్లోనే ఎదురొచ్చాడు, హెడ్‌ఫోన్ చేత్తో పట్టుకుని.

"శబ్దం నా ఎనకాల వత్తందమ్మా. దాటిపోయినాక మోగుతంది. గట్టు మీదే చూసుకున్నాలే." కాసేపు నన్నే చూశాడు. "నీకు తెలుసా?"

"తెలుసు."

"మరి బస్సెక్కి ఎందుకొచ్చినట్టు?"

ఆయన చేతిలోంచి హెడ్‌ఫోన్ లాక్కున్నాను.

"సరే, వచ్చినదానివి టీ తాగి పో" అన్నాడు.

ఇంటికెళ్ళి అమ్మకి చెప్పాను. అమ్మ ఎడంచెయ్యి నా చెంప మీద పడింది. చెవి గింగురుమంది. "ఆయన పాపం ఆయనది. నువ్వు కొత్తది మొదలెట్టమాక" అంది. మర్నాడు పొద్దున తన పాత ఆకుపచ్చ చీర పళ్ళతో పట్టి పీలికలుగా చించి, మెట్ల మీద పెట్టింది. వీధిలోకి చూసి, ఎదురింటి వైపు గట్టిగా అరిచింది.

"బావగారూ, ఇయ్యాల మా చేను చూడండి. పుల్లలకి గుడ్డలు ఇయ్యిగో."

ఆయన్ని బావగారూ అని పిలవగా వినడం నాకు అదే మొదటిసారి.

ఈసారి ఒళ్ళు దగ్గర పెట్టుకుని చేశాను. పాటకచేరీల వాళ్ళు గిటారుకి తగిలించుకునే వైర్‌లెస్ జత ఒకటి తెప్పించాను. దాంట్లో ఆలస్యం ఉండదు. శబ్దం అందుకునే పలకని హెడ్‌ఫోన్ కుడి చెవి కప్పులో, బ్యాటరీని ఎడమ కప్పులో పెట్టాను, బరువు సరిసమానంగా ఉండాలని. బోల్టు మీదికి చుట్ట రాగానే కూసింది. బోల్టుని గుడ్డ కింద దాచి ఆయన చేతే వెతికించాను. ఇరవైసార్లు వెతికించాను. విసుక్కున్నాడు కూడా, "పెళ్ళిచూపులైనా ఇన్నిసార్లు చూడరే" అని.

ఒక చెవి తెరిచి ఉంచుతానన్నాను.

"వొద్దు. గాలి హోరులో సన్న కూత ఇనపడదు. రెండూ మూసెయ్."

"వెనకాల ఎవరైనా వస్తే?"

"వచ్చేటోళ్ళు ఎట్టాగూ వత్తారు. అంతకుముందు అది దొరకాల."

తుమ్మచెట్లు తనే నరుక్కుంటూ, బారెడు బారెడు చొప్పున రెండు శీతాకాలాలు మా చేను వెతికాడు. దిగే ముందు గట్టు మీద చెప్పులు విప్పి, మొనలు రోడ్డు వైపు పెట్టేవాడు. ఎందుకని అడిగితే, "ఉరకాల్సి వత్తే తిప్పుకునే టైముండదు" అనేవాడు. కాలికి నేల తెలియాలని, చెప్పులేసుకుని చేలో నడిచేవాళ్ళని బూతులు తిట్టేవాడు. దొరికిన ఎద్దుల లాడాలు, విరిగిన నాగలి కర్రులు, బోల్టులు తెచ్చి మా మెట్ల మీద పెట్టి, "ఇయ్యాల్టి కూరగాయలు" అనేవాడు. అమ్మ నవ్వేది కాదు గానీ మజ్జిగ గ్లాసు పెట్టేది. హెడ్‌ఫోన్ తీసి కింద పెట్టాకే అమ్మతో మాట్లాడేవాడు. ఎంత పిలిచినా గడప దాటి లోపలికి మాత్రం రాలేదు.

ఫోన్ వచ్చిన ఆ పొద్దున, ఇదంతా తలుచుకుంటూనే మా చేను చేరాను. అప్పటికే ముప్ఫైమంది పోగయ్యారు. పెదనాన్న బోర్లా పడి ఉన్నాడు. మెడ వెనక నాలుగు వేట్లు, ఒకటి ఎముక దాకా దిగింది. నల్లరేగడి రక్తం తాగి ఇంకా నల్లగా అయింది. మా వాకిట్లో నీళ్ళడిగి చచ్చిపోయిన మనిషి కొడుకులే ఈ పని చేశారు. సాయంత్రానికి దొరికారు. వాళ్ళ మీద నాకు కోపం ఉంది. కానీ ఆ రోజు నీళ్ళివ్వని వాళ్ళలో మేమూ ఉన్నాం.

అమ్మ జనాన్ని తోసుకుంటూ వస్తోంది. నేను ఆయన పక్కన మోకాళ్ళ మీద కూలబడ్డాను. హెడ్‌ఫోన్ ఒక చెవి నుంచి జారి ఉంది. దాంట్లోంచి సన్నగా, ఆగకుండా కూత వస్తోంది.

కత్తేదో డిటెక్టర్ కింద పడి మోగుతోందా అని అడిగాను. "కత్తులు వాళ్ళే పట్టుకుపోయారమ్మా" అన్నాడు కానిస్టేబులు.

డిటెక్టర్ ఆయన చెయ్యి పక్కనే నేలకి ఆని ఉంది. చుట్ట కింద ఉత్త మట్టి. ఆయన ఎడమ గుప్పిట్లో ఆకుపచ్చ గుడ్డ పీలిక. అప్పుడు తెలిసింది నాకు. నడుస్తూ చావలేదు ఆయన. దొరికింది. దొరికిందని కదలకుండా నిలబడి ఉన్నాడు.

"అమ్మా, ఆగు! ఎవరూ ముందుకి రామాకండి! వచ్చిన అడుగుల్లోనే ఎనక్కి పోండి!" గొంతు పగిలేట్టు అరిచాను. అమ్మ ఎత్తిన కాలు ఎత్తినట్టే ఆగి, పాత అడుగులోనే వెనక్కి పెట్టింది. ఆమె తర్వాత ఒక్కొక్కరూ వెనక్కి నడిచారు. అందరూ గట్టెక్కేదాకా నేను అక్కడే ఉండి ఆ కూత విన్నాను.

స్క్వాడ్ వచ్చి మట్టి తీస్తే బకెట్టు సరిగ్గా చుట్ట కిందే ఉంది. జానెడు అటూ ఇటూ కూడా లేదు. డిటెక్టర్, హెడ్‌ఫోన్ కేసు కోసం పోలీసులు తీసుకెళ్ళారు. నేను కూడా తిరిగి అడగలేదు. నన్ను హంతకురాలిని కాకుండా కాపాడిన మనిషి ఆయన. నేను మొదట ఇచ్చిన హెడ్‌ఫోన్‌ని గట్టు మీదే చూసుకుని బతికి రాబట్టే ఇది రాయగలుగుతున్నాను.

ఆయన చెప్పులు గట్టు మీదే ఉండిపోయాయి. వాటినెవరూ పట్టించుకోలేదు. నిన్న అమ్మ పార తీసుకుని చేనుకి బయల్దేరితే నేనూ వెంట వెళ్ళాను. గట్టెక్కింది. తన చెప్పులు విప్పి, ఆయన చెప్పుల పక్కనే, మొనలు రోడ్డు వైపు తిప్పి పెట్టింది. పార ఎడమ భుజాన వేసుకుని ఉత్తకాళ్ళతో చేలోకి దిగింది.