గంటల బాబాయి

లోకంలో ఏ వస్తువైనా సరే, పాడైపోయే ముందు ఎవరో ఒకరికి చెప్పి మరీ పాడవ్వాలన్నది గంటల బాబాయి పట్టుదల. చెప్పాపెట్టకుండా పాడయ్యే వస్తువంటే ఆయనకి ఒళ్ళుమంట. అందుకని కంటపడ్డ ప్రతిదానికీ ఏదో ఒక గంట కట్టేదాకా ఆయనకి నిద్రపట్టేది కాదు.

ఇంట్లో ఫ్రిజ్ తలుపు సరిగ్గా పడకపోతే ఒక గంట. డాబా మీద ట్యాంకులో నీళ్ళు తగ్గితే ఇంకో గంట. ఇస్త్రీపెట్టె ఆపకుండా గదిలోంచి బయటికొస్తే గుమ్మం దగ్గర పిచుక కూతలాంటిదొకటి. వాళ్ళావిడని ఆఫీసులో అందరూ పిన్ని అనేవారు. ఆవిడ ఒకరోజు విసిగిపోయి, "ఇన్నిటికి పెట్టారు కదా, నాకు కోపం వచ్చే ముందు కూడా ఒక గంట మోగేలా పెట్టుకోరాదూ?" అంది.

"అది ఎప్పట్నుంచో ఉందిగా! నువ్వు గిన్నెలు గట్టిగా పెట్టడం మొదలుపెడితే నేను డాబా ఎక్కేస్తాను" అన్నాడు బాబాయి.

ఆఫీసులో కాఫీ మిషన్‌నీ వదల్లేదు. పాలు అడుగుకి రాకముందే అందరి ఫోన్లూ టింగుమనేవి. "అయిపోయాక చెప్పొచ్చుగా బాబాయ్, ఇప్పట్నుంచే ఎందుకీ గోల?" అని ఎవరైనా అంటే ఆయన కళ్ళజోడు పైకి తోసుకుని, "అయిపోయాక చెప్తే దాన్ని అలారం అనరు, సంతాప సందేశం అంటారు" అనేవాడు.

ఈ పిచ్చికి తగ్గ ఉద్యోగమే దొరికింది ఆయనకి. ఆ కంపెనీ కొన్ని ఆసుపత్రులకి రోగుల వివరాలూ, అపాయింట్‌మెంట్లూ, మందుల చీటీలూ భద్రపరిచి పెడుతుంది. అవన్నీ డేటాబేసుల్లో ఉంటాయి. ఆ డేటాబేసులేమో ఆఫీసులో ఉండవు, ఎక్కడో పెద్ద కంపెనీవాళ్ళ యంత్రాల్లో అద్దెకుంటాయి. దాన్నే అందరూ క్లౌడ్ అంటారు. "అద్దెకిచ్చినవాడు కరెంటూ తాళాలూ చూసుకుంటాడు. లోపలున్నవాళ్ళకి ఊపిరాడుతోందో లేదో మనమే చూసుకోవాలి" అంటూ బాబాయి వాటికి గంటలు కట్టాడు. డిస్కు నిండుతుంటే ఒకటి, కనెక్షన్లు ఎక్కువైతే ఒకటి, రాత్రి బ్యాకప్ తీయకపోతే ఒకటి. అసలు ఈ గంటలన్నీ బతికే ఉన్నాయా అని కనిపెట్టుకుని ఉండటానికి ఇంకొకటి.

టీచరమ్మ ఆ ఆఫీసులో చేరింది అప్పుడే. చాలా ఏళ్ళు బడిలో ఫిజిక్సు చెప్పి చెప్పి గొంతు పాడైంది. ఇక గట్టిగా మాట్లాడొద్దని డాక్టరు చెప్పాక, కొత్త కోర్సు చదువుకుని ఇటు వచ్చింది. తరగతినిండా అల్లరి పిల్లల్ని కనుసైగతో కూర్చోబెట్టిన మనిషి, ఇక్కడ ఫోను టింగుమంటే చాలు, చేతులు ఒళ్ళో పెట్టుకుని ముడుచుకుపోయేది. ఏం నొక్కితే ఏ ఆసుపత్రి ఆగిపోతుందోనని ఆమె భయం.

గంటలు మోగితే చూసుకునే డ్యూటీ మొదటిసారి ఆమెకి పడిన వారం, భోజనాల దగ్గర ఉండగా ఫోను మోగింది. తీసి చూస్తే ఇలా ఉంది:

"టీచరమ్మా, కనెక్షన్లు నిండబోతున్నాయి. ఇంకా నిండలేదు. ముందు మంచినీళ్ళు తాగు. తాగావా? అబద్ధం చెప్పకు. ఇప్పుడు వెళ్ళి, ఏ ప్రోగ్రాము తలుపులు తీసుకుంటూ పోయి వెయ్యడం మర్చిపోయిందో చూడు. అది దొరికిందంటే సగం పని అయిపోయినట్టే."

ఆమె తలెత్తి చూసింది. ఎదురుగా బాబాయి రెండు చేతులతో డబ్బా మూతతో కుస్తీ పడుతున్నాడు.

"బాబాయ్, ఇది మీరే కదా పంపింది?"

"నేనెక్కడ పంపానమ్మా? గంట పంపింది."

"గంటకి నా పేరెలా తెలుసు?"

"ఈ వారం డ్యూటీ నీదేగా. దానికి చెప్పి పెట్టాను. ఇంతకీ నీళ్ళు తాగావా?"

ఆమె తాగలేదు. గబగబా తాగి వెళ్ళి చూసింది. తలుపులు వెయ్యని ప్రోగ్రాము దొరికింది. దాన్ని సరిచేసి వచ్చేసరికి బాబాయి ఇంకా మూతతోనే ఉన్నాడు.

ఈ సందేశాల సంగతి ఆఫీసంతా పాకింది. అందరికంటే ఎక్కువ నవ్వింది తొందరరాయుడు. అతని తొందర ఎంతటిదంటే, లిఫ్టు కోసం మీట నొక్కి, అది వచ్చేలోగా మెట్లెక్కి పైకి వెళ్ళి, అక్కడ మళ్ళీ అదే లిఫ్టు కోసం మీట నొక్కేవాడు. అతను టీచరమ్మ ఫోను లాక్కుని, బాబాయి గొంతు అనుకరిస్తూ "తాగావా? అబద్ధం చెప్పకు!" అని చదివి వినిపించేవాడు. అందరితో కలిసి బాబాయీ పొట్టపట్టుకుని నవ్వేవాడు.

మేనేజరు మాత్రం నవ్వలేదు. ఒకరోజు బాబాయిని పిలిచాడు. టీచరమ్మ కూడా అక్కడే ఉంది.

"బాబాయ్ గారూ, ఇన్ని గంటలు అవసరమా?"

"పనికిరానివి ఎప్పటికప్పుడు తీసేస్తూనే ఉన్నానండీ. మోగినప్పుడు చెయ్యాల్సిన పనేదీ లేకపోతే అది గంట కాదు, రొద."

"సరే, గంటలు ఉండనివ్వండి. ఈ సోదేంటండీ? బయటివాళ్ళు చూస్తే నవ్విపోతారు. ఏ డేటాబేసు, ఏమైంది, ఎంత... మూడు ముక్కలు. అన్నీ ఒకే మూసలో ఉండాలి."

"మరి చదివే మనిషెవరో?"

"మనిషితో పనేముందండీ? మోగేది యంత్రం గురించి కదా!"

బాబాయి ఏదో అనబోయి, దవడ పట్టుకుని ఆగిపోయాడు. "సరేనండీ. రేపు పన్ను పీకించుకుని వచ్చి అన్నీ మార్చేస్తాను" అన్నాడు. బయటికొచ్చాక టీచరమ్మ, "ఇన్నిటికి గంటలు కట్టారు, సొంత పన్నుకి కట్టుకోలేకపోయారా బాబాయ్?" అంది. ఆయన్ని తీసుకెళ్ళడానికి వచ్చిన పిన్ని పక్కనుంచి, "నెల నుంచి మోగుతూనే ఉందమ్మా. ఆయనే వినలేదు" అంది.

మర్నాడు పొద్దున ఆసుపత్రులన్నీ తెరుచుకుని రోగులు వరసలు కట్టే వేళకి, ఆ వారం మళ్ళీ డ్యూటీలో ఉన్న టీచరమ్మ ఫోను మోగింది. ఈసారి గంట గట్టిగా ఉంది. తొందరరాయుడి ఫోనూ, లోపల మేనేజరు ఫోనూ కూడా మోగాయి. తెర మీద ప్రధాన డేటాబేసు డిస్కులో ఖాళీని చూపించే గీత జారుడుబల్ల మీద పిల్లాడిలా దిగుతోంది. అది అడుగుకి చేరితే ఒక్క అక్షరం కూడా కొత్తగా రాయడం కుదరదు. ఎవరికి ఏ మందు రాశారో, ఎవరి రక్తపరీక్ష ఏం చెప్పిందో, ఏ ఆసుపత్రికీ తెలియదు.

ఆమెకి వెంటనే ఒకటి గుర్తొచ్చింది. నిన్న సాయంత్రం తానే ఒక చిన్న మార్పు చేసింది. దానివల్లే అయ్యుంటుందని మనసు తీర్పు చెప్పేసింది.

తొందరరాయుడు కుర్చీతో సహా దొర్లుకుంటూ వచ్చాడు. "రీస్టార్ట్ కొట్టేద్దాం! లేకపోతే డిస్కు పెంచేద్దాం! ఏదో ఒకటి నొక్కు టీచరమ్మా!"

ఆమె వేలు మౌసు మీదికి వెళ్ళింది. వెళ్ళి ఆగింది. ఫోనులో ఇంకా సందేశం చదవలేదు.

"టీచరమ్మా, డిస్కు తరిగిపోతోంది. ఇది నీవల్ల కాదు. నీవల్లే అనిపిస్తుంది, అందరికీ అలాగే అనిపిస్తుంది. ఇదే వేగంతో పోయినా ఇంకా సగం రోజు చేతిలో ఉండేలా లెక్క చూసి పెట్టాను ఈ గంటని. అంటే నువ్వు మంచినీళ్ళు తాగొచ్చు. రీస్టార్ట్ జోలికి పోకు, పక్కనుంచి ఎవరైనా పొమ్మన్నా పోకు. డిస్కు పెంచితే మళ్ళీ తగ్గించలేం, అది ఆఖరి దారి. ముందు ఎవరు తింటున్నారో కనుక్కో."

ఆమె నీళ్ళు తాగింది. తర్వాత ఒక్కొక్కటే చూసుకుంటూ పోయింది. రోగుల వివరాలు పెరగలేదు. బ్యాకప్‌లు పెరగలేదు. పెరిగింది మరొకటి. డేటాబేసు తాను చేసిన ప్రతి మార్పునీ విడిగా రాసి పెట్టుకునే చిట్టా అది, కొండలా పేరుకుపోయి ఉంది. దాన్ని పారెయ్యనివ్వకుండా పట్టుకుని కూర్చున్నది 'పరీక్ష' అనే పేరుతో ఎవరో ఆ డేటాబేసుకి పెట్టుకున్న ఒక నకలు.

తీసెయ్యాలా, వద్దా? బాబాయికి ఫోను చేసింది. పిన్ని ఎత్తింది.

"కుర్చీలో ఉన్నారమ్మా, నోటినిండా దూది. స్పీకర్లో పెడతాను మాట్లాడు. డాక్టరుగారు ఒక్క నిమిషమే అంటున్నారు."

"బాబాయ్, వినిపిస్తోందా?"

"ఊఁ."

"డిస్కుని తింటున్నది 'పరీక్ష' అనే నకలు. తీసెయ్యనా?"

"ఊఁ... ఊహూఁ. ఊఊఁ?"

"పిన్నీ, ఏమంటున్నారు?"

"తీసెయ్యమన్నట్టే ఉందమ్మా. కాదు కాదు, ఆగమన్నట్టుంది. ముప్పై ఏళ్ళు కాపురం చేశాను కానీ దూదితో ఎప్పుడూ మాట్లాడలేదు తల్లీ!"

అంతలో డాక్టరు "నోరు బాగా తెరవండి" అనడం, ఫోను ఆగిపోవడం ఒకేసారి జరిగాయి.

ఆమె మళ్ళీ సందేశం తీసింది. ఇందాక కంగారులో చదవని మాట చివర్న ఇంకొకటి ఉంది: "తీసే ముందు అది ఎవరిదో అడుగు. కోపంగా అడగకు, సిగ్గుపడి చెప్పరు."

టీచరమ్మ లేచి నిలబడింది. గొంతు పెంచలేదు. పెంచకూడదు కూడా. "'పరీక్ష' అనే నకలు ఎవరిదండీ? ఎవరిదైనా ఫర్వాలేదు, అవసరమా కాదా చెప్తే చాలు" అంది.

ఆమె పక్కనే ఉన్న కుర్చీలోంచి ఒక సన్నని గొంతు వచ్చింది.

"అది... నాదే అనుకుంటా" అన్నాడు తొందరరాయుడు.

అతను ఏదో ప్రయోగానికని డేటాబేసుకి ఒక నకలు పెట్టుకున్నాడు. పని అవ్వగానే నకలున్న యంత్రాన్ని పీకి పారేశాడు. కానీ నకలు చదివేదాకా చిట్టాని దాచి ఉంచుతానని అసలు డేటాబేసు ఇచ్చిన మాటని రద్దు చెయ్యడం మర్చిపోయాడు. అటువైపు వినేవాళ్ళే లేరని తెలియని ఆ పిచ్చిది రాసిందంతా మూటలు కట్టి దాచుకుంటూ కూర్చుంది. పొద్దున రోగులు ఎక్కువయ్యేసరికి మూటలు ఇల్లంతా నిండిపోతున్నాయి.

"ఇప్పుడు అక్కర్లేదా నీకు?"

"అస్సలు అక్కర్లేదు టీచరమ్మా. ఒట్టు."

ఆమె ఆ నకలు పేరుని ఒకటికి రెండుసార్లు చదివి, దానికిచ్చిన మాటని రద్దు చేసింది. గీత కాసేపు ఎటూ కదల్లేదు. ఇద్దరూ ఊపిరి బిగబట్టి చూస్తున్నారు. ఆ సమయంలోనే ఒక ఆసుపత్రి నుంచి ఫోను వచ్చింది. టీచరమ్మ ఎత్తింది.

"మేడమ్, ఇక్కడ పెద్ద సమస్య వచ్చిందండీ. మా ప్రింటర్లో కాగితం ఇరుక్కుంది!"

అంత తియ్యటి మాట ఆమె జీవితంలో వినలేదు. "మెల్లగా లాగండి, చిరగనివ్వకండి" అని చెప్పి ఫోను పెట్టేసరికి గీత మెల్లగా పైకి లేచింది. చూస్తుండగానే ఎక్కేసింది. టీచరమ్మ కుర్చీలో వెనక్కి వాలి, పొద్దుటి నుంచి బిగించి ఉంచిన భుజాలు వదిలేసింది. ఒళ్ళంతా దూదిపింజలా తేలికైపోయింది. నిన్న తాను చేసిన మార్పుకీ దీనికీ ఏ సంబంధమూ లేదు. ఎక్కడా ఒక్క రోగి కూడా వరసలో అదనంగా నిలబడలేదు.

"నువ్వు ఒక్క మాట కూడా అనలేదేంటి నన్ను?" అన్నాడు తొందరరాయుడు, బిక్కమొహంతో.

"అనొద్దని గంటలో రాసి ఉంది. ఉండు, నీకూ వచ్చిందిగా అదే సందేశం?"

"వచ్చింది కానీ చదవలేదు" అంటూ ఫోను తీశాడు. తీసి, చదివి, నోరు తెరిచాడు. అందులో ఉన్నది టీచరమ్మకి వచ్చింది కాదు. నాలుగే ముక్కలు ఉన్నాయి:

"ఆగు. చేతులు వెనక్కి కట్టుకో. ఏమీ నొక్కకు. టీచరమ్మ చెప్పింది చెయ్యి."

అంతలో మేనేజరు గదిలోంచి బయటికొచ్చాడు. మొహం కడుక్కుని వచ్చినట్టున్నాడు. చేతిలో ఫోను అలాగే ఉంది. "అయిపోయిందామ్మా?" అన్నాడు.

"అయిపోయిందండీ. మీరు ఇంతసేపూ లోపలే ఉన్నారా? ఒక్కసారి కూడా రాలేదు!"

ఆయన తన ఫోను ఆమె ముందు పెట్టాడు. "అయ్యా, డిస్కు సంగతి టీచరమ్మ చూస్తోంది. మీకు కంగారుగా ఉంటుందని తెలుసు. వెళ్ళి వెనక నిలబడితే ఆమె చేతులు వణుకుతాయి. కాసేపు గదిలోనే నడవండి. ఆసుపత్రులకి చెప్పాల్సి వస్తే ఆమే వచ్చి చెప్తుంది."

"నడిచాను" అన్నాడు మేనేజరు. "చాలా నడిచాను." తర్వాత గొంతు సవరించుకుని, "ఆ మూస సంగతి ఇక వదిలేద్దాం" అన్నాడు.

బాబాయి మర్నాడు వచ్చాడు, ఒక బుగ్గ బూరెలా ఉబ్బి. మాట సగం గాలిగా వస్తోంది. టీచరమ్మ ఆయన్ని కాఫీ మిషన్ దగ్గర పట్టుకుంది.

"ఎందుకు బాబాయ్, ఒక్కొక్కళ్ళకీ విడివిడిగా ఇంత రాయడం?"

"డిస్కుకేం భయమమ్మా, నిండితే నిండుతుంది, అంతే. గంట మోగగానే గుండె జారేది మనిషికి. ముందు మనిషిని కుదురుగా కూర్చోబెడితే, ఆ మనిషే డిస్కు సంగతి చూసుకుంటుంది" అన్నాడు. తర్వాత, అంత మాట్లాడినందుకు బుగ్గ పట్టుకున్నాడు.

"మరి మీకేం రాసుకున్నారు?"

"నాకేముంది, ఏదో..." అంటూ ఫోను జేబులోకి తోసుకోబోయాడు. ఆమె అందుకుంది. బడిలో ఇంతకంటే వేగంగా దాచేవాళ్ళ దగ్గర్నుంచే లాక్కుంది ఆమె. గంటల బాబాయి తనకి తాను రాసుకున్న సందేశం ఇది:

"టీచరమ్మ ఉంది కదా. ఇంక నీకేం పని? నోరు తెరుచుకుని పడుకో."

ఆమె అది రెండుసార్లు చదివింది. ఫోను తిరిగి ఇచ్చేసింది.

"ఇందులో ఒక లోపం ఉంది బాబాయ్."

"ఏంటి?"

"'మధ్యలో ఊఁ అనకు' అని కూడా రాసుకోవాల్సింది. మీరూ పిన్నీ కలిసి నన్ను చంపేశారు!"

బాబాయికి నవ్వు ఆగలేదు. నవ్వితే బుగ్గ లాగుతోంది, లాగితే ఇంకా నవ్వొస్తోంది. "నవ్వించకే తల్లీ, కుట్లూడిపోతాయి!" అంటూ ఆయన గోడకి ఆనుకుని కూర్చుండిపోతే, టీచరమ్మ వెళ్ళి గ్లాసునిండా మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది.