బాలింత గోలెం

నాకు ఒకచోట కూర్చోవడం చేతకాదు. పుట్టుకతోనే అరికాళ్లకు ఏదో రాసుకొని వచ్చానని మా అమ్మ అనేది. కుక్కర్ మూడు కూతలు కూసేదాకా ఆగలేక రెండో కూతకే పొయ్యి కట్టేస్తాను, అందుకే మా ఇంట్లో అన్నం ఎప్పుడూ కాస్త పలుకే. బస్సు ఐదు నిమిషాలు ఆలస్యమైతే ఆటో ఎక్కుతాను. సగం దారిలో ఆ బస్సే నా పక్కనుంచి దూసుకుపోతుంది. అలాంటిదాన్ని, పది రోజులు మూతపెట్టి ముట్టకుండా ఉంచాల్సిన నీలి గోలెం పని నెత్తిన వేసుకున్నాను.

మాది వరంగల్ పక్క ఊరు. ఇంట్లో మా ఆయన, ఆయన తల్లి, నేను. మా ఆయన జంపఖానాలు నేస్తాడు. ఊరి బయట ఎకరన్నర చెలక ఉంది. ఎర్రమట్టి, మట్టి కంటే రాళ్లెక్కువ, బోరు లేదు. మూడేళ్ల కింద వాన మొహం చాటేసింది. పత్తి గింజలు రెండుసార్లు పెట్టాం, రెండుసార్లూ మొలకలు మాడిపోయాయి. మూడోసారి పెట్టడానికి మనసొప్పలేదు. సరిగ్గా అప్పుడే, జంపఖానాలు తీసుకునే హనుమకొండ దుకాణం మేడమ్ ఒక మాట అంది. ప్యాకెట్ రంగు కాకుండా చెట్టు నుంచి తీసిన నీలం అద్దిన నూలుతో నేస్తే, నేసినవన్నీ తానే తీసుకుంటానంది. మా ఆయన నవ్వి ఊరుకున్నాడు. అత్తమ్మ మాత్రం బియ్యం ఏరుతున్న చాట పక్కన పెట్టింది.

"చెట్టు నీలం నాకు తెల్సు" అంది.

అత్తమ్మ పుట్టినిల్లు రంగుల అద్దకం ఇల్లు. వాకిట్లో ఏడు పెద్ద మట్టి గోలేలు మెడదాకా పాతిపెట్టి ఉండేవట. ప్యాకెట్ రంగులు వచ్చాక వాటిని మట్టితో పూడ్చేశారు. అప్పటికి ఆమెకు పన్నెండేళ్లు.

"గా పాత ముచ్చట ఇప్పుడు ఎవలు జేస్తరే అవ్వా?" అన్నాడు మా ఆయన.

"నేను జేస్త."

పెళ్లై వచ్చిన ఇరవై ఏళ్లలో అత్తమ్మ అంత గట్టిగా మాట్లాడగా నేను వినలేదు. మెతక మనిషి. ఇంట్లో ఏ సంగతైనా కొడుకే చెప్పాలి, కోడలే తేల్చాలి. ఆ ఒక్క విషయంలోనే తన మాట చెల్లాలని ఆమె ఎంతగా కోరుకుందో నాకు ఆ రోజే అర్థమైంది.

నీలి విత్తనాలు మేడమే తెప్పించింది. ఆవాల కంటే కొంచెం పెద్దవి. అత్తమ్మ వాటిని ఇసుకతో కలిపి రోట్లో రుద్దింది. "ఈ గింజకు ఒళ్లు బలుపు. ఒరిపిడి పెడితెనే లేస్తది" అంది. ఒక్క వాన పడింది. అది చాలు, చెలకంతా మొలిచింది. ఆ తర్వాత నెల రోజులు చుక్క లేదు. చుట్టుపక్కల పత్తి మధ్యాహ్నానికే తల వేలాడేసేది. మా నీలి చెట్లు మాత్రం మోకాలి ఎత్తున, సన్నాకులతో అలాగే నిలబడ్డాయి. నేను పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి వెళ్లి చూసొచ్చేదాన్ని. "చెట్టు నిన్ను జూసి పెరుగుతదా? కూసో జర" అనేది అత్తమ్మ. కూర్చుంటే కదా!

పువ్వు విడవకముందే కోయాలి. తెల్లవారుతుండగా కోసి, మోపులు కట్టి, సిమెంటు తొట్టిలో నానేసి, పైన రాళ్లు పెట్టాం. మర్నాటికి నీళ్లు పసరు రంగుకు తిరిగాయి. ఆకు తీసేసి, సున్నపు తేట పోసి, కర్రలతో బాదాలి. ఈ పని నా కోసమే పుట్టింది. రెండు గంటలు ఆగకుండా బాదాను. పసరు నురుగు కాస్తా నీలి నురుగైంది. అడుక్కు దిగిన నీలి బురదను బట్టలో వడకట్టి, ముద్దలు చేసి నీడన ఆరబెట్టాం. ఇక నూలు ముంచడమే తరువాయి అనుకున్నాను.

అసలు కథ అక్కడే మొదలైంది. నీలి ముద్దను నీళ్లలో కలిపితే నూలుకు పట్టదు. పశువుల కొట్టం మూలన గోలెం పాతి, అందులో నీలి ముద్ద, సున్నం, బెల్లం, చేలగట్ల మీద దొరికే తగిరిస గింజలు ఉడికించి వేసి పులియబెట్టాలి. మేడారంలో వనదేవతలైన తల్లులకు ఇచ్చే బెల్లాన్ని మేం బంగారం అనే అంటాం. జాతర నుంచి తెచ్చి దేవుడి గూట్లో దాచిన బంగారంలో ఒక ముక్క కూడా వేసింది అత్తమ్మ. గోలేనికి పసుపు పూసి, మూత పెట్టి, పైన గోనెసంచి కప్పి, కొట్టం వాకిలికి పాత చీర కట్టింది.

"ఇగ ఇది బాలింత. గాలి తగలొద్దు, సప్పుడు కావద్దు. పొద్దుగాల ఒక్కపారి నేను జూస్త. నువ్వు ఇటు దిక్కు రాకు" అంది.

పైన నీలి నురుగు రెండుసార్లు పూస్తుందట. మొదటిది పచ్చిది, రెండోది పండింది. కంటికి రెండూ ఒకటే. తేడా ముక్కుకే తెలుస్తుంది. రోజూ పొద్దున ఆమె మూత జరిపి, వంగి, వాసన చూసి, ఒక్క మాట చెప్పేది. "ఇంకా."

ఆ "ఇంకా" విన్న ప్రతిసారీ నా ఒంటి మీద జెర్రులు పాకినట్టు అయ్యేది. కాలుగాలిన పిల్లిలా ఇల్లంతా తిరిగేదాన్ని. ఊడ్చిన వాకిలే ఊడ్చేదాన్ని. మూడో రోజు ఆమె స్నానానికి వెళ్లినప్పుడు ఒకసారి మూత తీసి చూశాను. నాలుగో రోజు రెండుసార్లు. ఆ తర్వాత లెక్క లేదు. చూస్తే ఏమైపోతుంది, కళ్లు తగిలితే రంగు కరిగిపోతుందా అనుకున్నాను.

ఎనిమిదో రోజు అత్తమ్మ "అయింది, నూలు తేండ్రి" అంది. మేడమ్ కూడా వచ్చింది. తడిపిన నూలు చిలపను అత్తమ్మ మెల్లగా ముంచి, పిండి, పైకి తీసింది. చిక్కటి నీలం! నేను చిన్నపిల్లలా చప్పట్లు కొట్టాను. అత్తమ్మ చేతులు మాత్రం అక్కడే ఆగిపోయాయి. గోలెంలోంచి వచ్చే నూలు ముందు పసరుగా ఉండాలట, గాలి తగిలాకే నీలంగా మారాలట. చిలపను బకెట్ నీళ్లలో జాడించగానే నీలమంతా నీళ్ల పాలైంది. నూలు చేతిలో మాసిన గుడ్డలా మిగిలింది. మేడమ్ చెప్పులేసుకొని వెళ్లిపోయింది. ఏమన్నా అని పోతే బాగుండేది.

"వచ్చే ఆయితారం కాదు, ఆ పై ఆయితారం ట్రాక్టర్ వస్తది. దున్ని మిర్చి పెడ్త" అన్నాడు మా ఆయన. "ఎనుమాముల మార్కెట్‌కు తోలుకపోతే కొనేటోడన్న ఉంటడు."

అత్తమ్మ కొడుకు వైపు చూడలేదు. ఆ పూట అన్నం ముందు కూర్చొని, కలిపిన ముద్ద కలిపినట్టే వదిలేసి లేచింది. మర్నాడు పొద్దున్నే వెళ్లి ఆమె పక్కన కూర్చున్నాను.

"అత్తమ్మా, గోలెం నేనే ఖరాబ్ జేసిన. రోజుకు నాలుగుసార్లు మూత తీసి చూసిన" అన్నాను.

"తెల్సు. గోనె రోజుకో తీరుగ ఉంటుండె."

"మరి నన్నెందుకు తిట్టలే?"

ఆమె చీర కొంగు అంచును మడతపెట్టింది. "ఏ మొఖం పెట్టుకొని తిట్టుదు బిడ్డా? నువ్వు ఓపిక లేకుంట మూత దీసినవ్. నేను ముక్కు లేకుంట దీసిన. దవాఖానల పడ్డ జ్వరం యాదికున్నదా? అప్పటి సంది నాకు ఒక్క వాసన తెల్వది. మల్లెపువ్వూ తెల్వది, మాడిన కూరా తెల్వది."

"మరి ఎవలకూ చెప్పవేంది?"

"చెప్తే గోలెం పెట్టనిస్తురా? నురుగు జూసి సంభాళించుకుంట అనుకున్న."

ముందు నాకు కోపమే వచ్చింది. అబద్ధమెందుకు, రెండేళ్లుగా నా కూరల్ని "కమ్మగున్నది" అన్న మాటలన్నీ ఉత్తవేనా అని కూడా అనిపించింది. ఆ తర్వాత ఆమె వైపు చూశాను. ఈ ఇంట్లో ఆమెకంటూ మిగిలిన ఒక్క విద్య, అది నిలబడాల్సింది ముక్కు మీద. ఆ ముక్కే పోయింది. నేను లేచి నీలి ముద్దలున్న డబ్బా తెచ్చి ఆమె ముందు పెట్టాను.

"ఇంకో గోలెం పెడ్దాం. ముక్కు నాది, తెలివి నీది" అన్నాను.

రెండో గోలెం పెట్టి మూత మీద గోనె కప్పినప్పటి నుంచి నా చేతులు నేనే పట్టుకొని తిరిగాను. పొద్దున ఒక్కసారి, ఇద్దరం కలిసే వెళ్లేవాళ్లం. నేను వంగి వాసన చూసేదాన్ని. ఆమె స్టూలు మీద కూర్చొని అడిగేది.

"చెప్పు."

"పుల్లగున్నది."

"పులుపంటే ఏ పులుపు? చింతపులుపా, మజ్జిగనా, గంజి పులిసినట్టా?"

"గంజి."

"అడుగున బురద కొడ్తాందా?"

"జరంత."

"మొఖం మీద కొడ్తాందా, లోపలికి పోతాందా?"

ఇన్ని వాసనలుంటాయని నాకెప్పుడు తెలుసు? నా ముక్కుకు అప్పటిదాకా రెండే వాసనలు, మంచిది, చెడ్డది. ఆమె కళ్లు మూసుకొని వినేది. ఒక్కో జవాబుకూ తల ఊపేది, తన పన్నెండేళ్ల వయసు నాటి వాకిట్లోకి నా మాట పట్టుకొని నడుస్తున్నట్టు. చివరికి పండిన గోలెం ఎలా ఉంటుందో చెప్పింది. "ఇప్పపువ్వు ఎండబెట్టి సంచిల మూట గట్టినంక, మూట ఇప్పితె వచ్చే వాసన. అది రావాలె."

శనివారానికి నురుగు పూసింది. రాగి మెరుపుతో, నిండుగా. మర్నాడే ట్రాక్టర్. నా కాళ్లు, చేతులు, గుండె అన్నీ అయిందనే అంటున్నాయి. మా ఆయన చీర తెర పక్కనే నిలబడ్డాడు. "ఏమంటదే?" అన్నాడు.

వంగి చూశాను. గంజి పోయింది, బురద పోయింది. కానీ ఇప్పపువ్వు లేదు. అత్తమ్మ ఈసారి ఏమీ అడగలేదు. "నువ్వే చెప్పు" అంది.

"ఇంకా" అన్నాను. నా నోట్లోంచి ఆ మాట రావడం చూసి మా ఆయన నోరు తెరిచాడు. ఆ రోజంతా ఎలా గడిపానో చెప్పలేను. మూడు బిందెల నీళ్లు పారబోసి మళ్లీ పట్టుకొచ్చాను.

ఆదివారం పొద్దున మూత జరపగానే వచ్చింది. తియ్యగా, బరువుగా, ఇప్పపువ్వు మూట విప్పినట్టే. నేను చెప్పకముందే అత్తమ్మకు నా మొహంలో తెలిసిపోయింది. చిలప పసరుగా పైకొచ్చింది. చూస్తుండగానే అంచుల నుంచి నీలం పాకింది. జాడించిన నీళ్లు తేటగానే ఉన్నాయి. మా ఆయన బొటనవేలితో నూలును రుద్ది రుద్ది చూసి, చెలకకు వెళ్లి ట్రాక్టర్‌ను వెనక్కి పంపాడు.

ఇది జరిగి మూడేళ్లు. కోసిన మోడుల నుంచి ఏడాదికి రెండు కోతలు వస్తున్నాయి. ప్రతి గోలేనికీ ఆమె ప్రశ్నలు తగ్గుతూ వచ్చాయి, నాకు తెలియడం పెరుగుతూ వచ్చింది. ఈ ఏడాది మొదటి గోలెం పెట్టి పసుపు పూసిన రోజే "నీకంత వస్తది గద, ఇగ నాతోటి ఏం పని" అని ఆమె టీవీ ముందు కూర్చుంది. కోపంతో అన్నది కాదు. అదే నన్ను కుదురుగా ఉండనివ్వలేదు.

తొమ్మిది రోజులు ఒక్కదాన్నే చూసొచ్చాను. పదో రోజు పొద్దున కొట్టంలోకి వెళ్లి మూత తీశాను. ఇప్పపువ్వు. ఏ అనుమానమూ లేదు, ఊళ్లో ఎవరి ముక్కుకైనా తెలుస్తుంది. పక్కనే నూలు తడిసి సిద్ధంగా ఉంది. నా చేతులు ముంచేద్దామని లాగుతున్నాయి.

మూత పెట్టేసి ఇంట్లోకి వెళ్లాను.

"అత్తమ్మా, నాకు సమజ్ అయితలేదు. జర రారాదు" అన్నాను.

ఆమె టీవీ ఆపింది. గోడ పట్టుకొని నడిచి వచ్చి, స్టూలు మీద కూర్చొని, కొంగు సర్దుకుంది. "చెప్పు" అంది. పులుపు గురించి అడిగింది, బురద గురించి అడిగింది, మొహం మీద కొడుతుందా అని అడిగింది. నిలబడ్డచోటు నుంచి కదలకుండా, ఒక్కోదానికి ఆలోచించి ఆలోచించి జవాబు చెప్పాను.

"అయితే అయినట్టే" అంది చివరికి.

"నిజంగ అయిందంటవా అత్తమ్మా?" అని అడిగాను.