లేని గింజ
ఇంగ్లీషు జాతీయాలంటే నాకు చిన్నప్పటి నుంచీ అనుమానమే. కిరండుల్ గని కాలనీలో చదువుకునే రోజుల్లో మా టీచరు రోజుకు ఐదు చొప్పున బోర్డు మీద రాసి బట్టీ పట్టించేది. తేలని సమస్య వస్తే అది టఫ్ నట్, అంటే గట్టి గింజ. దాన్ని అవసరానికి మించిన బలంతో తేల్చేస్తే గింజ కోసం సమ్మెట ఎత్తినట్టు. మా అమ్మ మొదటిదాన్ని కొరకరాని కొయ్య అనేది, రెండోదాన్ని పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం అనేది. కొయ్యను చూశాను, పిచ్చుకను చూశాను. ఆ ఇంగ్లీషు గింజ ఏ చెట్టుదో మా టీచరు కూడా చూసి ఉండదు. అయినా దాన్ని తీసుకెళ్లి ఒక ఊరి నెత్తిన పెట్టింది నేనే.

భోపాల్‌పట్నం దగ్గర, ఇళ్లలో తెలుగు, ఆఫీసుల్లో హిందీ నడిచే ఒక చిన్న సరిహద్దు ఊళ్లో టీచరుగా ఉన్నాను. ఎండలు ముదరగానే పొద్దున ఏడున్నరకే బడి పెట్టమని ఆర్డరు వస్తుంది. అడవిలో ఇప్పపూలు రాలిపడేదీ ఆ వేళకే. పూలు ఏరడానికి పిల్లాపెద్దా అందరూ వెళ్తారు. బడిలో నేనూ, వంట చేసే ఆవిడా, నలుగురైదుగురు పిల్లలూ మిగులుతాం. ఒక ఏడాది ఈ సంగతి తేల్చడానికి పైనుంచి ఒక ఆఫీసరు జీపులో వచ్చాడు. ఊరివాళ్లను బడి వరండాలో కూర్చోబెట్టాడు. ఆయనది హిందీ. దాన్ని తెలుగులో చెప్పమని నన్ను పక్కన నిలబెట్టుకున్నాడు.

“ఏ మామ్‌లా టఫ్ నట్ హై, మేడమ్. ఐసే హీ చలా తో స్కూల్ బంద్ కర్నా పడేగా,” అన్నాడు.

బడి మూసేస్తే పిల్లలు వాగు దాటి పెద్ద ఊరికి పోవాలి. వానాకాలంలో ఆ వాగులో పెద్దవాళ్లకే కాళ్లు నిలవవు. చిన్న తరగతుల పిల్లల చదువు ఇక అంతే. మూసేస్తామన్న మాట చెబితే గొడవవుతుందని భయపడి మింగేశాను. మొదటి మాట మాత్రం శ్రద్ధగా చెప్పాను.

“ఇది గట్టి గింజ అంటున్నారు సారు.”

కొరకరాని కొయ్య అంటే సరిపోయేది. ఇంగ్లీషు వచ్చని చూపించుకోవాలన్న యావ నాది.

“ఏం గింజ? సార గింజనా?” అని వెనక నుంచి ఎవరో అడిగారు. వరండా అంతా గుసగుసలు.

సారపప్పు ఇక్కడి అడవిచ్చే పంట. వీళ్ల అవ్వలు బయటి వ్యాపారులకు దోసెడు సారపప్పు పోసి దోసెడు ఉప్పు తెచ్చుకున్న కథ ఇంకా ఇంటింటా చెప్పుకుంటారు. అందుకే బయటివాళ్లు గింజ పేరెత్తితే ముందు బస్తా లోపల పెడతారు.

తెల్లారి ఒక్క పిల్లా రాలేదు. మర్నాడూ అంతే. బోరింగు దగ్గరికి వెళ్తే మాటలు ఆగిపోయాయి. రోజూ పలకరించే ముసలాయన ముఖం తిప్పుకున్నాడు. నాకు ఒళ్లు మండింది. ఒక్క గింజకు ఇంత రాద్ధాంతమా? ఎవరో నా మీద చాడీలు చెప్పారనుకున్నాను. వంటావిడ మీదికే పోయింది నా అనుమానం. పొయ్యి దగ్గర నుంచి ఆమె నన్ను చూసే చూపు నాకు మొదటి నుంచీ నచ్చదు. ఇంతలో సున్నా హాజరు సంగతి పైకి పాకింది, మూసివేత కాగితంతో ఆఫీసరు మళ్లీ వస్తున్నాడని కబురొచ్చింది. గోటితో పోయేదానికి గొడ్డలి తెస్తున్నాడు.

ఆ సాయంత్రం వంటావిడ ఇంటికి వెళ్లాను. నిరుటి సార గింజలు తిరగట్లో పోసి, పైరాయిని మెల్లగా తిప్పుతోంది. పెంకు పగలాలి, లోపలి పప్పు నలగకూడదు.

“అక్కా, నేనన్నది సార గింజ కాదు. అది ఇంగ్లీషు సామెత,” అన్నాను.

“గింజ సంగతి ఎవరడిగిన్రు టీచరమ్మా? బడి బంద్ జేస్తనన్నడు గదా సారు. అదెందుకు చెప్పలే నువ్వు?”

“మీకు హిందీ వచ్చా?” అన్నాను.

“సంతల ఉప్పుకాడికెల్లి చీర దాకా హిందీల్నే బేరమాడుతం. మాకెర్కలేదనుకున్నవా? నువ్వేం చెప్తవో సూద్దామని ఊకున్నం. లేని గింజ చెప్పినవ్, ఉన్న మాట దాచిపెట్టినవ్. వాళ్ల మనిషివే అనుకున్నం.”

సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. ఇన్నాళ్లూ వాళ్లను అనుమానించింది నేననుకున్నాను, వాళ్లూ నన్ను తూచి చూస్తున్నారని ఇప్పుడు తెలిసింది. ఆమె తిరగలి ఆపలేదు, నన్ను కూర్చోమని కూడా అనలేదు.

రెండు రోజులకు ఆఫీసరు వచ్చాడు. మళ్లీ అదే వరండా, ఆ మనుషులే. ఈసారి బడి మూసేస్తామన్న మాటతో సహా అన్నీ తెలుగులో చెప్పాను.

వంటావిడ లేచి నిలబడింది. ఆయనకు సూటిగా హిందీలోనే చెప్పొచ్చు. నా వైపు తిరిగి తెలుగులో చెప్పింది. “బడి గంట పదింటికి కొట్టమను. ఇప్పపూలు ఏరుకోని పిల్లలు వస్తరు. రాకుంటే అప్పుడు మూయమను.”

హిందీలో చెప్పాను. ఆమె నా నోటివంకే చూస్తూ నిలబడింది. ఆఫీసరు కాసేపు కాగితం వైపు, కాసేపు ఎండ వైపు చూశాడు. “ఠీక్ హై, ఏక్ మహీనా దేఖ్తే హైఁ,” అని నెల గడువిస్తూ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. కాగితం చించలేదు, నేను గమనించాను.

ఆయన మాట వాళ్లకు అర్థమయ్యే ఉంటుందని నేను తెలుగులో చెప్పకుండా ఊరుకున్నాను.

“విన్నం లే టీచరమ్మా,” అంది వంటావిడ. “అయినా నువ్వు చెప్పు.”