కాలేజీకీ అకాడమీకీ మధ్య గేటు

మొన్న కంటి పరీక్షకు బస్సులో వెళుతుంటే, ఇక్కడ ఇంగ్లండ్‌లో మా ఊరి దగ్గరి బ్రాక్‌నెల్ దాటాక, నేను పదేళ్లు పనిచేసిన కాలేజీ బోర్డు కనిపించలేదు. దాని చోట కొత్త ఫ్లాట్ల ప్రకటన ఉంది. పక్కనున్న మిలిటరీ అకాడమీ మాత్రం ఎప్పటిలాగే ఉంది. అది చూసి ఏమనుకోవాలో తోచక ఆలోచిస్తూ కూర్చుని, దిగాల్సిన స్టాపు దాటిపోయాను.

సాహిత్యం, చరిత్ర, నాటకం నేర్పే చిన్న కాలేజీ అది. నేను 2008లో అక్కడి లైబ్రరీలో చేరాను. వెనక తలుపు తీస్తే పొదల కంచె, అందులో ఒక చెక్క గేటు, అవతల అకాడమీ మైదానం. బుధవారం మధ్యాహ్నాలు అక్కడ సైనిక శిక్షణలో ఉన్న కాడెట్లు ఆ గేటు దాటి వచ్చి, బురద బూట్లు గుమ్మం దగ్గరే విప్పేసి, మేజోళ్లతో చప్పుడు లేకుండా అల్మరాల మధ్య తిరిగేవారు. మా విద్యార్థుల నాటకాలకు బల్లలూ తెరలూ మోసేది వాళ్లే, వాళ్ల వ్యాసాలు దిద్దిపెట్టేది మా పిల్లలు. వాళ్లలో ఒక పొడుగాటి అబ్బాయి ఎప్పుడూ కవిత్వమే తీసుకునేవాడు. అదే కాలేజీలో చదువుతున్న మా అమ్మాయి స్నేహితులు పిలవడం విని, తనూ నన్ను ఆంటీ అనేవాడు.

అఫ్గానిస్తాన్ నుంచి సైనికుల శవపేటికలు వస్తున్న రోజులవి. యుద్ధానికి వెళ్లేవాళ్లను మన లైబ్రరీలోకి రానివ్వకూడదంటూ విద్యార్థులు ఒక కాగితం మీద సంతకాలు సేకరించారు. మొదటి సంతకం మా అమ్మాయిదే.

ఆ రోజు భోజనాల దగ్గర అడిగాను. "ఆ అబ్బాయేం చేశాడే?"

"ఇట్స్ నాట్ అబౌట్ హిమ్, అమ్మా," అంది కంచంలోంచి తల ఎత్తకుండా.

మరి ఎవరి గురించో నాకు అర్థం కాలేదు. యుద్ధం వద్దనడంలో తప్పేముందో కూడా అర్థం కాలేదు.

సమావేశంలో ప్రిన్సిపాల్ నా అభిప్రాయం అడిగితే, పుస్తకాలు వేళకు తెచ్చిస్తారు, అంతకుమించి నాకేమీ తెలియదన్నాను. మంచి పిల్లలని ఆవిడే చెబుతోందని కొందరూ, వాళ్ల సంగతి ఆవిడకే తెలియదని కొందరూ, ఇరుపక్షాలవాళ్లూ నా మాటనే తమకు సాక్ష్యంగా చేసుకున్నారు. చివరికి గేటుకు తాళం పడింది.

ఆ మర్నాడు ఆ పొడుగాటి అబ్బాయి రోడ్డు వైపు నుంచి చుట్టూ తిరిగి వచ్చి, పుస్తకాలు నా బల్ల మీద పెట్టాడు.

"నా వల్ల ఏమైనా తప్పు జరిగిందా, ఆంటీ?" అని ఇంగ్లీషులో మెల్లగా అడిగాడు.

లేదని చెబితే మా అమ్మాయిది తప్పవుతుందేమోనని తటపటాయించాను. నేను నోరు తెరిచేలోపే థాంక్యూ చెప్పి వెళ్లిపోయాడు. ఇంటికొచ్చి చెబితే మా అమ్మాయి చాలాసేపు ఏడ్చింది, కానీ సంతకం మాత్రం వెనక్కి తీసుకోలేదు.

మొన్న బస్సు సంగతి మా అమ్మాయికి ఫోన్లో చెప్పినప్పుడు, ఆ అబ్బాయి పేరేంటని అడిగింది. వారం వారం లైబ్రరీ కార్డు మీద నా చేత్తోనే రాసిన పేరు, ఎంత తలుచుకున్నా గుర్తు రాలేదు. అతను యుద్ధానికి వెళ్లాడో, వెళ్లి తిరిగొచ్చాడో మాకు తెలియదు. ఆ రోజుల్లో, రావద్దని చెప్పడానికైనా, గేటుకు అటువాళ్లెవరో ఇటువాళ్లకు తెలిసి ఉండేది. రేపు ఆ ఫ్లాట్లలోకి వచ్చేవాళ్లు కిటికీలోంచి అకాడమీ మైదానంలో పరిగెత్తే కుర్రాళ్లను చూస్తారు కాబోలు, చూసి కర్టెన్ వేసుకుంటారు.