ఒక వారం తగ్గిన సీరియల్

ముప్పై ఏళ్లుగా ఒక అబద్ధం మోస్తున్నాను. చిన్నదే. చిన్నది కాబట్టే దించుకోవడానికి సమయం కుదరలేదు. ఎవరికి చెప్పాలో ఆ మనిషి నిరుడు చనిపోయింది. అందుకని మీకు చెబుతున్నాను.

ఆమె నా తోడికోడలు. అక్కయ్యా అని పిలిచేదాన్ని. కొత్తపేటలో ఒకే ఇంట్లో ఉండేవాళ్లం. వారపత్రికలో వచ్చే సీరియల్ పేజీలను అక్కయ్య చదవకుండా దాచేది. సీరియల్ అయిపోయాక పుస్తకంగా కుట్టించి, మొదటి నుంచీ ఒక్క బిగిన చదివేది. నేను మాత్రం వచ్చిన వారమే చదివేసేదాన్ని.

తొంభైల మధ్యలో ఒకరోజు గారెలు వండుతూ, నూనె పీల్చడానికి చేతికందిన కాగితాలు పళ్లెంలో పరిచాను. అవి ఒక వారం సీరియల్. చూసుకునేసరికి అక్షరాలు కనిపించడం లేదు. పొయ్యిలో పెట్టేశాను. గారెలు బాగున్నాయని అక్కయ్య ఇంకో రెండు వేయించుకుంది. నేను మరో వాయి వేశాను.

ఆ వారంలోనే కథానాయిక, కొడుకు జ్వరం తగ్గాలని నలభై రోజులు మౌనవ్రతం పడుతుంది. అది లేకపోతే ఏమవుతుంది? చెల్లెలు ఇంటికొస్తే ఆమె పలకదు. కొన్నాళ్లకు ఏమీ జరగనట్టు మాట్లాడుతుంది.

పుస్తకం కుట్టించాక అక్కయ్య సరిగ్గా అక్కడే ఆగింది.

"ఇదేంటే అమ్మాయ్, సొంత చెల్లెలొస్తే పలకదేంటి? నువ్వు సైకాలజీ చదివేవు కదా, చెప్పు."

బి.ఏ.లో చదివాను. మూడేళ్ల చదువూ ఆ నిమిషంలో అక్కరకొచ్చింది.

"కోపం కాదక్కయ్యా. మాట్లాడాలనే ఉంది. ముందు పలికితే తగ్గిపోతానని భయం. ఆ భయానికి కోపమని పేరు పెట్టుకుంది."

అక్కయ్య పుస్తకం మూసి పక్కన పెట్టింది. తర్వాత, "మామిడికుదురు బస్సు ఎన్నింటికే?" అంది.

మామిడికుదురులో ఆమె చెల్లెలుంది. గృహప్రవేశానికి బొట్టు పెట్టి పిలవకుండా కార్డు పోస్టులో పంపిందని ఆరేళ్లుగా మాటల్లేవు. మర్నాడు వెళ్లిన అక్కయ్య నాలుగు రోజులు రాలేదు. వచ్చేటప్పుడు చెల్లెల్నీ, ఒక పనసకాయనీ వెంటబెట్టుకొచ్చింది. వాళ్లిద్దరి నవ్వులకి మా మామగారు రేడియో కట్టేసుకోవాల్సి వచ్చింది.

మంచే జరిగింది కదా అంటారు. నేనూ చాలా ఏళ్లు అదే అనుకున్నాను. కానీ అప్పటి నుంచి అక్కయ్య చుట్టాలందరితో అనేది: "తప్పు నాదేనండీ. నాకే పొగరు. మా అమ్మాయి పుస్తకంలో చూపించింది."

"ఆయ్, అంతేనండీ," అనేవారు వాళ్లు.

కార్డు పోస్టులో వేసింది చెల్లెలు. క్షమాపణ చెప్పుకున్నది అక్కయ్య. ఆ మాట వచ్చినప్పుడల్లా నేను కాఫీ గ్లాసులు తీసుకుని లోపలికి వెళ్లిపోయేదాన్ని. కథలో ఆవిడకు లేని పొగరు అంటగట్టి, దాన్ని తెచ్చి అక్కయ్యకు తగిలించాను. పాత్ర మనసు చెబుతున్నాననుకుంటూ ఎదురుగా ఉన్న మనిషి మనసే చెప్పానా? లేక గారెల సంగతి బయటపడకుండా తోచింది వాగానా? రెండోదే నిజమనిపిస్తుంది.

చెప్పి ఉంటే అక్కయ్య పొట్ట పట్టుకుని నవ్వేదనీ, ఆ పూటే మరిచిపోయేదనీ అనిపిస్తుంది. కానీ ఒకరి మనసులో ఏముందో వాళ్లని అడక్కుండా చెప్పడం ఒకసారి చేశాను. ఇక చేయను. ఆ పేజీలు పాడుచేసింది నేను. అసలు కారణం తెలిసీ, లేని కారణం అల్లింది నేను. ఇంతే. ఈ రెండు వాక్యాలు రాయడానికి ఇన్నేళ్లు పట్టింది.